మెల్లగా నడిపిన కొత్త కారు ఆయిలు తాగింది: రన్నింగ్ ఇన్ మీద ఒక కేస్ స్టడీ

2024 మే నెలలో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు తన కారును విజయవాడ ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపుకు తీసుకొచ్చారు. కొత్త కారు, కొని పదకొండు నెలలైంది, మీటరు మీద 3,860 కి.మీ. ఉంది. ఆయన ఫిర్యాదు ఒక్కటే, ఇంజన్ ఆయిలు తగ్గిపోతోంది. బండి కింద చుక్క కారడం లేదు, పొగ కంటికి కనిపించడం లేదు, పికప్ తగ్గిందన్న అనుమానం కూడా లేదు. అయినా డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం చూసే కడ్డీ) మీద ఆయిలు కింది గీతకు దిగడం ఇది రెండోసారి. మొదటిసారి 2,600 కి.మీ. దగ్గర గమనించి 700 మి.లీ. పోయించారు. సర్వీసు సెంటరులో అడిగితే కొత్త ఇంజన్లు కొంత ఆయిలు తాగడం మామూలేనని చెప్పి పంపారు.

"బాబూ, ఈ కారును మొదటి నాలుగు నెలలూ నలభై దాటించకుండా పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. దీనికెందుకొచ్చింది ఈ జబ్బు?" అని ఆయన అడిగారు. మూడు నెలల పరిశీలన తరువాత నేను చేరుకున్న అభిప్రాయం ఏమిటంటే, ఆ చూసుకోవడంలోనే జబ్బుకు మూలం ఉంది. కొత్త ఇంజన్ లోపలి భాగాలు ఒకదానికొకటి కుదురుకునేలా మొదట్లో నడపడాన్ని రన్నింగ్ ఇన్ అంటాం. ఆ కాలంలో ఇంజన్‌ను మెల్లగా నడపాలన్న నమ్మకం మన వాళ్ళలో ఎంత బలంగా ఉందో ఈ వృత్తిలో రోజూ చూస్తుంటాను కనుక, ఈ కేసును మొదటి నుంచి చివరి దాకా అంకెలతో సహా రాయాలనుకున్నాను. మాస్టారి అనుమతితోనే రాస్తున్నాను.

నోటు పుస్తకంలో దొరికిన చరిత్ర

సాధారణంగా బండి ఎలా నడిపారని అడిగితే యజమాని జ్ఞాపకం మీద ఆధారపడి చెబుతాడు, అందులో సగం పనికిరాదు. ఈ కేసులో నాకు దక్కిన అదృష్టం మాస్టారి నోటు పుస్తకం. బయలుదేరిన సమయం, మీటరు రీడింగు, పోయించిన పెట్రోలు, నెలకొకసారి డిప్‌స్టిక్ చూసిన కొలత అన్నీ తేదీల వారీగా అందులో రాసి ఉన్నాయి.

2023లో ఆషాఢం వెనకే అధిక శ్రావణం కూడా వచ్చింది. రెండు నెలలు ఆగడం ఇష్టం లేక ఆయన జ్యేష్ఠం చివరి వారంలోనే కారు ఇంటికి తెచ్చుకున్నారు. ఆర్.సి. మీద తయారీ నెల చూస్తే 2022 నవంబరు అని ఉంది. అంటే ఆ బండి ఏడు నెలలు ఏదో ఒక యార్డులో నిలబడి ఉంది. యార్డులో ఉన్నన్నాళ్ళూ బండ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపడానికి స్టార్ట్ చేసి, యాభై గజాలు నడిపి ఆపేస్తారు. ఆ కొద్ది సేపట్లో ఇంజన్ వేడెక్కదు. డెలివరీ రోజున ఇంద్రకీలాద్రి దగ్గర వాహన పూజకు వరుసలో ఏసీ వేసుకుని నలభై నిమిషాలు ఆగినట్టు కూడా పుస్తకంలో ఉంది. బండి కదలకుండా ఇంజన్ తిరగడాన్ని ఐడిలింగ్ అంటాం. ఒక్క రోజు ఐడిలింగ్‌తో ఏ ఇంజనూ పాడైపోదు. అది తరువాత నెలల తరబడి సాగిన అలవాటుకు మొదటి రోజు మాత్రమే.

ఆ అలవాటు ఇది. ప్రతి ఉదయం ఇంజన్ వేడెక్కాలని పదిహేను నిమిషాలు ఇంటి ముందు ఆన్ చేసి ఉంచేవారు. తరువాత పటమట నుంచి రైతు బజారుకో, గుడికో, మనవరాలి బడికో వెళ్ళి వచ్చేవారు. మొదటి నాలుగు నెలల్లో 230 ప్రయాణాలు, మొత్తం 966 కి.మీ., అంటే ప్రయాణానికి సగటున నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. నలభై దాటలేదు, వీలైనంత త్వరగా నాలుగో గేరుకు, ఐదో గేరుకు వెళ్ళిపోయేవారు. ఇద్దరం కూర్చుని గంటల్లో లెక్క వేశాం. 120 రోజుల ఐడిలింగ్ ముప్పై గంటలు; 966 కి.మీ. ఊళ్ళో గంటకు 22 కి.మీ. సగటు వేగంతో నడిస్తే మరో 44 గంటలు. వెయ్యి కిలోమీటర్ల రన్నింగ్ ఇన్ అని ఆయన అనుకున్న కాలంలో ఇంజన్ దాదాపు 74 గంటలు తిరిగింది, అందులో నలభై శాతం నిలబడే తిరిగింది. మిగిలిన దానిలోనూ బరువు లాగినట్టు చెప్పుకోదగ్గ నిమిషం ఒక్కటి లేదు.

మొదటి ఫ్రీ సర్వీసు నెల నిండిందని 240 కి.మీ. దగ్గరే అయిపోయింది. ఆ తరువాత నాలుగుసార్లు మచిలీపట్నం, ఒకసారి హైదరాబాదు వెళ్ళి వచ్చారు. ఈ హైదరాబాదు ప్రయాణం దగ్గర పుస్తకంలో నాకొక విలువైన ఆధారం దొరికింది. అప్పటి దాకా ప్రతి నెలా డిప్‌స్టిక్ కొలత పై గీతకు కాస్త కింద దాదాపు ఒకేచోట ఉంది. డిసెంబరులో ఒకసారి స్వల్పంగా పెరిగినట్టు, పెట్రోలు వాసన వస్తున్నట్టు కూడా రాసుకున్నారు. హైదరాబాదు వెళ్ళి రాగానే 2,600 కి.మీ. దగ్గర ఒక్కసారిగా కింది గీతకు దిగిపోయింది.

నిజానికి అది ఒక్కసారిగా దిగిన ఆయిలు కాదు. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయినప్పుడు కంప్యూటరు మామూలు కంటే ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. అందులో మండకుండా మిగిలినది సిలిండరు గోడల వెంట జారి సంపులోని, అంటే ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోని, ఆయిలులో కలుస్తుంది. ఇంజన్ బాగా వేడెక్కి అరగంటో గంటో నడిస్తే ఆ పెట్రోలు ఆవిరై ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారి) గుండా మళ్ళీ సిలిండరులోకి వెళ్ళి కాలిపోతుంది. నాలుగు కిలోమీటర్ల ప్రయాణంలో మీటరు మీద నీటి వేడి సరిపోయినట్టు కనిపించినా ఆయిలు ఇంకా చల్లగానే ఉంటుంది. అందువల్ల నెలల పాటు సంపులో ఆయిలు తగ్గుతూ, పెట్రోలు చేరుతూ, డిప్‌స్టిక్ మీద మట్టం మారకుండా కనిపించింది. హైదరాబాదు రోడ్డు మీద ఐదు గంటలు నడిచేసరికి పెట్రోలు ఎగిరిపోయి అసలు మట్టం బయటపడింది. ఊళ్ళోనే తిరిగే బండ్లలో ఆయిలు తగ్గడం లేదని డిప్‌స్టిక్ చూసి ధైర్యపడకూడదని నేను చెప్పేది అందుకే.

ఇంకొక సంగతి కూడా ఈ అంకెల్లోనే ఉంది. మొదటి 2,600 కి.మీ.లో తగ్గినది సుమారు 700 మి.లీ. తరువాత 1,260 కి.మీ.లోనే మళ్ళీ అంతా తగ్గింది. సరిగా కుదురుకుంటున్న కొత్త ఇంజన్ మొదట్లో కొంత ఆయిలు తాగినా, కిలోమీటర్లు పెరిగేకొద్దీ తాగడం తగ్గించాలి. ఇక్కడ పెరుగుతోంది. "కొత్త ఇంజన్ కదా, మామూలే" అన్న సమాధానం ఈ దిశ చూశాక నిలవదు.

రింగు ఎలా కుదురుకుంటుంది

పాతకాలపు తిరగలి తెలిసినవారికి ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. రాయి నునుపుగా ఉంటే తిరగలి పిండి పట్టదు, అందుకే దానికి కక్కు కొట్టిస్తారు, అంటే ఉలితో గరుకు చేయిస్తారు. కక్కు కొట్టిన కొత్తలో కొద్దిగా రాతిపొడి రాలుతుంది, నాలుగైదుసార్లు బరువుగా విసిరాక రెండు రాళ్ళూ ఒకదానికొకటి కుదురుకుంటాయి. గింజ వేయకుండా ఉత్తినే తిప్పితే కక్కు అరుగుతుంది తప్ప రాళ్ళు కుదరవు.

ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ కదిలే సిలిండరు లోపలి గోడే బోరు, పిస్టన్ చుట్టూ ఉండి ఆ గోడకు ఆనుకునే లోహపు వలయం రింగు. బోరులో కూడా ఫ్యాక్టరీ వాళ్ళు హోనింగ్ చేసి (సాన రాళ్ళతో గీరి) ఏటవాలుగా ఒకదానినొకటి కోసుకునే సన్నటి గీతలు పెడతారు. ఆ గీతల గట్లు రింగు అంచును అరగదీసి బోరు ఆకారానికి తెస్తాయి, గీతల లోయలు ఆయిలును పట్టి ఉంచుతాయి. రింగు, బోరు కలిసి ఒకదానికొకటి సరిపోయే ఈ పని చాలావరకు మొదటి కొద్ది గంటల్లోనే జరుగుతుంది. ఆ కొద్ది గంటలు ఎలా గడిచాయన్నదే రన్నింగ్ ఇన్ అంటే.

రింగును బోరుకు అదిమి పెట్టేది దాని స్ప్రింగు బలం ఒక్కటే అని చాలామంది మెకానిక్కులు కూడా అనుకుంటారు. నిజానికి పిస్టన్ పైన పెట్రోలు మండినప్పుడు పుట్టే గ్యాసు పై రింగు వెనక ఉన్న సందులోకి దూరి దాన్ని గోడకేసి నొక్కుతుంది. ఇంజన్ బరువు లాగుతున్నప్పుడు అసలు బలం అక్కడి నుంచే వస్తుంది. ఐడిలింగ్‌లో త్రాటిల్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే తలుపు) దాదాపు మూసి ఉంటుంది; సిలిండరులోకి వెళ్ళే గాలి తక్కువ, మండే ఇంధనం తక్కువ, రింగు వెనక పడే ఒత్తిడి మరీ తక్కువ. ఈ కాలపు ఇంజన్లలో మైలేజీ కోసం రింగుల స్ప్రింగు బలాన్ని బాగా తగ్గించారు, కాబట్టి గ్యాసు ఒత్తిడి మీద ఆధారం మునుపటికంటే పెరిగింది. ఒత్తిడి చాలకపోతే రింగు బోరును గీరకుండా ఆయిలు పొర మీద తేలిపోతుంది. మిగిలిన ఆయిలు పొర వేడికి మాడి, పల్చటి వార్నిషులా గోడకు అంటుకుని హోనింగ్ లోయలను పూడ్చేస్తుంది. దీన్నే మేము బోరు గ్లేజ్ అయిందంటాం. ఒకసారి గ్లేజ్ అయ్యాక రింగుకు గీరడానికి గట్లు దొరకవు, ఆయిలుకు ఉండడానికి లోయలు దొరకవు.

మరి మెల్లగా నడపాలన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది ఒకప్పుడు తప్పు మాట కాదు. అంబాసిడరు, పద్మినిల కాలంలో బోరింగ్ చేసి బిగించిన ఇంజన్లు సెల్ఫుకు తిరగనంత బిగుతుగా ఉండేవి. మా గురువుగారి దగ్గర నేను పని నేర్చుకునేటప్పుడు, కొత్తగా కట్టిన ఇంజన్‌ను ఇంకో బండికి తాడు కట్టి లాగి స్టార్ట్ చేసిన రోజులున్నాయి. రేడియేటరులోకి నీళ్ళ గొట్టం పెట్టి గంటల తరబడి స్లోలో తిప్పి, ఇంజన్ ఫ్రీ అయిందని నమ్మకం కుదిరాకే బండి యజమానికి ఇచ్చేవారు. అప్పటి పనితనంలో పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, ఆయిళ్ళు కూడా అంతంత మాత్రమే, వేగంగా తిప్పితే పిస్టన్ పట్టేసే ప్రమాదం నిజంగానే ఉండేది. ఇప్పుడు ఆ సందును మైక్రాన్లలో కొలిచి చేస్తున్నారు. భయానికి కారణం పోయింది కానీ భయం అలాగే ఉండిపోయింది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన వాదం కూడా ఈ మధ్య వినిపిస్తోంది, కొత్త బండిని షోరూము గేటు దగ్గరి నుంచే యాక్సిలరేటరు అదిమి తొక్కాలని. దాన్నీ నేను ఒప్పుకోను. 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర ఇలాంటి ఇంజన్‌లో పిస్టన్ సగటున సెకనుకు 7 మీటర్ల వేగంతో కదులుతుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే ఆ వేగమూ రెట్టింపవుతుంది. ఇంకా కుదురుకోని అంచుల దగ్గర ఆ రాపిడికి పుట్టే వేడి రింగు ముఖాన్ని కాల్చేయగలదు. చాలా కంపెనీల మాన్యువళ్ళు కూడా మొదటి వెయ్యి కిలోమీటర్లలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కవద్దనీ, ఎక్కువసేపు ఒకే వేగంతో నడపవద్దనీ చెబుతాయి. ఇందులో రెండో మాటను చదివినవారు తక్కువ, పాటించేవారు ఇంకా తక్కువ.

పరీక్షలు

అభిప్రాయం ముందే ఏర్పరచుకుని బండిని చూస్తే దానికి సరిపడే ఆధారాలే కనిపిస్తాయి. అందుకే ముందు మిగిలిన కారణాలను తోసిపుచ్చే పని పెట్టుకున్నాను. సంపు గాస్కెట్టు, ఫిల్టరు, క్రాంక్ సీళ్ళు, వాల్వు కవరు అన్నీ తుడిచి, రెండు రోజుల తరువాత మళ్ళీ చూశాం. ఎక్కడా చెమ్మ లేదు. ఇంజన్ కింది భాగమైన క్రాంక్‌కేసు నుంచి ఆవిర్లను ఇన్‌టేక్‌కు పంపే పీసీవీ వాల్వు తీసి ఊపితే శబ్దం చేస్తోంది, ఊదితే ఒక వైపే గాలి పోతోంది, కనుక అది బాగానే ఉంది. వాల్వు సీళ్ళు పోతే రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఒక్క గుప్పెడు నీలి పొగ రావాలి. రెండు ఉదయాలు సైలెన్సరు వెనక నేనే నిలబడి చూశాను, రాలేదు. పావుగంట ఐడిలింగ్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కితే మాత్రం పల్చటి నీలి పొగ వచ్చింది. ఉదయం పొగ లేకుండా ఇది మాత్రం రావడంతో నా అనుమానం మొదట రింగుల వైపు మళ్ళింది.

ప్లగ్గులు తీస్తే మూడు పొడిగా, గోధుమ రంగులో ఉన్నాయి. మూడో సిలిండరు ప్లగ్గు మర మీద మాత్రం తడి నలుపు ఉంది. వేడి ఇంజన్ మీద, త్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకుని పుట్టే ఒత్తిడి) చూస్తే వరుసగా 178, 174, 148, 176 పి.ఎస్.ఐ. వచ్చాయి. ప్రతి సిలిండరులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూస్తే మిగిలిన మూడింటిలో కొద్దిగానే పెరిగింది, మూడో దానిలో 181కి లేచింది. వాల్వులో లోపం ఉంటే ఆయిలు పోసినా కంప్రెషన్ లేవదు. రింగు దగ్గర సందు ఉంటేనే ఆయిలు దాన్ని తాత్కాలికంగా మూసి ఇలా లేపుతుంది. తరువాత లీక్‌డౌన్ పరీక్ష పెట్టాం, అంటే సిలిండరులోకి గాలి ఒత్తిడి పెట్టి ఎంత శాతం కారిపోతోందో చూశాం. మిగిలిన మూడు సిలిండర్లలో గాలి నష్టం పది శాతం లోపే ఉంది, మూడో దానిలో 23 శాతం. ఆయిలు పోసే మూత తీసి చెవి పెడితే గాలి సంపులోకి పోతున్న శబ్దం స్పష్టంగా వినిపించింది.

బండి వారంటీలో ఉంది కనుక హెడ్ తీయడానికి నేను ఒప్పుకోలేదు. ప్లగ్గు రంధ్రం నుంచే బోరోస్కోపు (సన్నటి గొట్టం చివర ఉండే కెమెరా) దింపి చూశాం. నాలుగు బోరుల్లోనూ హోనింగ్ గీతలు ఉన్నాయి, నిలువు గీతలు, అంటే పిస్టన్ పట్టిన గుర్తులు ఎక్కడా లేవు. మూడో బోరులో మాత్రం పై భాగాన, ముఖ్యంగా ఒక వైపు, లేత పసుపు మెరుపు మరకలుగా కనిపించింది. అక్కడ గీతలు మసకబారాయి. మరమ్మతుతో బాగుపడే అవకాశం ఉన్న గ్లేజ్ ఇలాగే ఉంటుంది. బోరు గీసుకుపోయి ఉంటే నేను ఈ బండిని ముట్టుకోకుండా ఆ ఫొటోతో కంపెనీకి పంపేవాడిని.

ఇక అసలు కొలత. డిప్‌స్టిక్ గీతల మీద నాకు నమ్మకం లేదని ముందే చెప్పాను కనుక ఆయిలును తూకం వేశాం. పాత ఆయిలు తీసేసి, కంపెనీ చెప్పిన గ్రేడే, కొత్త ఫిల్టరుతో 2,720 గ్రాములు పోసి సంపు బోల్టుకూ, మూతకూ రంగు చుక్క పెట్టాం. మాస్టారి అబ్బాయి సెలవు మీద వచ్చి, రెండుసార్లు రాజమహేంద్రవరం వెళ్ళి వచ్చి, మిగతాది ఊళ్ళో తిప్పి మూడు వారాల్లో వెయ్యి కిలోమీటర్లు పూర్తి చేశారు. వేడిగా ఉన్నప్పుడే అరగంట పాటు దించి, ఫిల్టరులో నిలిచిన దాన్ని కూడా కలిపి తూస్తే 2,210 గ్రాములు వచ్చింది. 510 గ్రాములు, అంటే సుమారు 600 మి.లీ. పోయింది. కొన్ని కంపెనీల మాన్యువళ్ళలో వెయ్యి కిలోమీటర్లకు లీటరు వరకు అనుమతించదగినదని రాసి ఉంటుంది, సర్వీసు సెంటరు వాళ్ళు చూపించింది కూడా అలాంటి అంకెనే. ఆ అంకె వారంటీ బాధ్యతకు పెట్టుకున్న హద్దు, ఆరోగ్యానికి కొలత కాదు. 1.2 లీటర్ల, టర్బో లేని కొత్త పెట్రోలు ఇంజన్‌కు 600 మి.లీ. ఎక్కువే. ఆ ఆయిలంతా కాలి వెళ్ళేది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు గుండానే, ఆయిలులోని ఫాస్ఫరస్ దాన్ని మెల్లగా చంపుతుంది.

ఈ అంకెలన్నీ రాసి, ఫొటోలు జతచేసి మాస్టారు కంపెనీకి ఉత్తరం పెట్టారు. సర్వీసు సెంటరులో జాబ్ కార్డు మీద ఆయిలు వాడకం పరిశీలనలో ఉందని రాయించుకున్నారు. రేపు మరమ్మతు ఫలించకపోతే ఆ ఒక్క వాక్యమే ఆయనకు ఆధారం అవుతుంది కనుక ఈ పని ముందు చేయించాను.

బరువు పెట్టి నడపడం

చికిత్సగా నేను ఎంచుకున్నది మందులు పోయడం కాదు, మొదటి నెలలో జరగాల్సిన రన్నింగ్ ఇన్‌ను ఇప్పుడైనా జరిపించడం. జులైలో ఒక ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి, రోడ్డు ఖాళీగా ఉండే వేళ, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని హనుమాన్ జంక్షన్ దాటి ఏలూరు వైపు బయలుదేరాను. మొదటి ముప్పై కిలోమీటర్లు మామూలుగా నడిపాం, ఆయిలు నిజంగా వేడెక్కడానికి. ఆ తరువాత మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి, యాక్సిలరేటరు మూడు వంతుల్లో రెండు వంతులు తొక్కి 4,000 వరకు ఎక్కించి, కాలు పూర్తిగా తీసేసి, గేరులోనే ఉంచి మళ్ళీ 2,000కు దిగనిచ్చాను. ఈ బండిలో మూడో గేరులో 4,000 అంటే 75 కి.మీ. వేగం చుట్టుపక్కల ఉంటుంది కనుక వేగ పరిమితి దాటే పని లేదు. ఇలా పదిసార్లు చేసి, పది నిమిషాలు తేలికగా నడిపి, మళ్ళీ పదిసార్లు.

ఎక్కించడం ఎంత ముఖ్యమో కాలు తీసి దిగనివ్వడం అంత ముఖ్యం. ఎక్కేటప్పుడు గ్యాసు రింగును గోడకు నొక్కి గీరిస్తుంది. కాలు తీసినప్పుడు సిలిండరులో ఏర్పడే వాక్యూమ్ కింది నుంచి కొంచెం ఆయిలును పైకి లాగి, రాలిన సన్నటి పొడిని కడిగి, రాపిడి వేడిని తగ్గిస్తుంది. మాస్టారు మొదట సీటు అంచు పట్టుకుని కూర్చున్నారు. నాలుగోసారికి ఆర్‌పీఎం ముల్లు చూస్తూ తనే లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అలాంటి ప్రయాణాలు మూడు ఆదివారాల్లో మూడు చేశాం. ఆ తరువాత వెంటనే ఆయిలు, ఫిల్టరు మార్చాం. రోజువారీ నడకలో నేను కోరినవి కొన్నే. ఉదయం ఐడిలింగ్ మానేసి, స్టార్ట్ చేసిన అర నిమిషంలో కదిలి, వేడెక్కే దాకా తేలికగా నడపాలి. నలభై వేగానికి ఐదో గేరు వేసి ఇంజన్ మూలుగుతుంటే యాక్సిలరేటరు తొక్కకూడదు, ఒక గేరు దింపాలి. వారానికి ఒకసారైనా కంకిపాడు దాకానో ఉయ్యూరు దాకానో వెళ్ళి, వేగం మారుస్తూ నలభై నిమిషాలు నడిపి రావాలి. ఆయిలును ఏడాది దాకా కాకుండా ఆరు నెలలకే మార్చాలి. ఈ చివరిది లోహపు పొడికి భయపడి కాదు, దాన్ని ఫిల్టరు పట్టుకుంటుంది. ఊళ్ళో చిన్న ప్రయాణాలతో ఆయిలులో కలిసే పెట్రోలు, తేమల వల్ల.

టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజక్షన్ పెట్రోలు బండి అయితే గేరు దింపే విషయంలో ఇంకా గట్టిగా చెప్పేవాడిని. తక్కువ ఆర్‌పీఎం మీద ఎక్కువ బరువు పడితే వాటిలో స్పార్కుకు ముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టే ప్రమాదం ఉంది. కొత్త కారు కొన్న వారంలోనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుమల ఘాట్ రోడ్డు పై గేరులో ఎక్కించేవాళ్ళను తలచుకుంటే నాకు దిగులు వేసేది ఈ కారణానికే. ఘాట్ ఎక్కడం తప్పు కాదు, రెండో గేరులో ఇంజన్‌ను హాయిగా తిరగనిస్తూ ఎక్కితే రింగులకు అది మంచిదే.

ఫలితం, మిగిలిన ప్రశ్న

బరువు ప్రయాణాల తరువాతి వెయ్యి కిలోమీటర్లలో తూకం ప్రకారం 255 గ్రాములు, అంటే 300 మి.లీ. తగ్గింది. ఆ పై వెయ్యిలో 119 గ్రాములు, అంటే 140 మి.లీ. మూడో సిలిండరు కంప్రెషన్ 148 నుంచి 166కు వచ్చింది, లీక్‌డౌన్ 23 నుంచి 14 శాతానికి దిగింది. బోరోస్కోపులో పసుపు మెరుపు చాలావరకు పోయింది, ఒక అంగుళం మేర మాత్రం ఇంకా కనిపిస్తోంది. మిగతా మూడు సిలిండర్లతో ఇది ఇంకా సమానం కాలేదు.

ఈ కేసు విన్న ఒక సీనియర్ మెకానిక్ నన్ను సరైన ప్రశ్న అడిగారు: నడిపిన తీరే కారణమైతే నాలుగు సిలిండర్లూ ఒకేలా చెడిపోవాలి కదా, మూడోదే ఎందుకు? నా సమాధానం ఇది. నాలుగు బోరుల్లో ఒకటి గుండ్రంలోనో రింగు అమరికలోనో హద్దుల్లోనే కాస్త వెనకబడి ఉండడం మామూలు విషయం. బాగా నడిపిన ఇంజన్‌లో మొదటి వందల కిలోమీటర్లలోనే అది మిగతావాటిని అందుకుంటుంది. ఈ బండిలో దానికి ఆ అవకాశం రాలేదు, వెనకబడిన చోటే గ్లేజ్ అయింది. అంటే తయారీలో ఉన్న చిన్న తేడా, నడకలో ఉన్న అలవాటు రెండూ కలిస్తేనే జబ్బు వచ్చింది. ఇలాగే నడిచిన ప్రతి కొత్త కారూ ఆయిలు తాగదు, వందల బండ్లు ఏమీ కాకుండా తిరుగుతున్నాయి. యార్డులో ఏడు నెలలు నిలబడడం వల్ల బోరులకు ఆయిలు పొర ఆరిపోయి, పొడి స్టార్టులు పడి ఉంటాయని కూడా నా అనుమానం. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా డెలివరీకి ముందే తయారీ నెల అడిగి తెలుసుకోమంటున్నాను.

మాస్టారి అల్లుడు అదే నెలలో అదే మోడల్ హైదరాబాదులో కొన్నారు, మొదటి నెలలోనే నాలుగుసార్లు విజయవాడ వచ్చి వెళ్ళారు. అతని బండిని నేను చూసినప్పుడు 11,000 కి.మీ. మీద నాలుగు సిలిండర్లూ 180కి అటూ ఇటూగా ఉన్నాయి, ఆయిలు పోయించిన సందర్భమే లేదు. రెండు బండ్లతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు, అయినా ఆ రెండు రీడింగులూ పక్కపక్కనే నా రిజిస్టరులో రాసి పెట్టుకున్నాను.

కారు చివరిసారి నా దగ్గరకు వచ్చినప్పుడు మీటరు 9,400 కి.మీ. చూపిస్తోంది. అంతకు ముందు వెయ్యి కిలోమీటర్ల వాడకం తూకంలో 85 గ్రాములు, వంద మి.లీ. మాస్టారి నోటు పుస్తకంలో ఇప్పుడు కొత్తగా ఒక గడి చేరింది, ప్రతి ప్రయాణంలో ఇంజన్ 3,000 దాటి తిరిగిన నిమిషాలు అందులో రాస్తున్నారు. 15,000 కి.మీ. దగ్గర మూడో సిలిండరును మళ్ళీ కొలవాలని ఇద్దరం అనుకున్నాం.